కండయు క్రొవ్వును: కార్టిసాలు చేయు పని

ఒడలు వచ్చుటయు బలము వచ్చుటయు ఒక్కటే యని మనలో పలువురు తలంచుచుందురు. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవానిని చూచి "చిక్కిపోయినావు నాయనా" యని అమ్మమ్మ వగచుటయు, చెక్కిళ్లు నిండియున్నచో "ఇప్పుడు కళగా నున్నావు" అని సంతసించుటయు ప్రతి యింటను వినబడు మాటలే. ఆ ప్రేమను తప్పుపట్ట నక్కఱలేదు. కాని త్రాసు చెప్పునది బరువు మాత్రమే. ఆ బరువులో కండ యెంత, క్రొవ్వెంత, యెముక యెంత, నీరెంత యన్నది అది చెప్పజాలదు. 60 కిలోల బరువుగల యిద్దరు విద్యార్థులలో ఒకడు చెడుగుడు ఆటలో కూత విడువక నలుగురిని తప్పించుకొని గీత దాటి వచ్చును. రెండవవాడు మేడమెట్లెక్కి రొప్పుచుండును. బరువు ఒక్కటియే, సరకు వేఱు.

ఈ సరకును నిర్ణయించునవి యనేకములు: తిండి, పని, వయస్సు, వంశము. వీనితోపాటు కంటికి కనబడనిది మఱియొకటి కలదు. మనుష్యుడు భయపడినప్పుడును, ఆకలిగొన్నప్పుడును, నిద్ర మానినప్పుడును, రొమ్ము పగులునట్లు పరుగెత్తినప్పుడును శరీరమున కొన్ని రసములు పుట్టి రక్తములో కలియును. వీనిని హార్మోనులందురు. నేడు అందఱి నోటను వినబడుచున్న "ఒత్తిడి" యను మాటకు శరీరములో గల రూపము ఈ రసములే. పరీక్షలకాలమున చదువును, క్రీడోత్సవకాలమున వ్యాయామమును మితిమీఱి చేయు విద్యార్థులకును, సన్నగా నున్నామని దిగులుపడి మందుల అంగడిలో మాత్రలు కొను విద్యార్థులకును వీని సంగతి తెలిసియుండుట యవసరము. ఈ రెండవవారి విషయము వ్యాసము చివర చెప్పెదను.

మన మూత్రపిండములు రెంటిపైని టోపీ పెట్టినట్లు రెండు చిన్న గ్రంథులున్నవి. ఒక్కొక్కటి 4 లేక 5 గ్రాముల తూకముండును. వీనిని అడ్రినలు గ్రంథులందురు. తెలుగు పాఠ్యపుస్తకములలో అధివృక్క గ్రంథులని వ్రాయుచున్నారు. నోటిలో ఉమ్మినీటిని స్రవించు గ్రంథులకు నాళములున్నట్లు వీనికి లేవు. తాము చేసిన రసమును నేరుగా రక్తములోనికే విడుచును. 1855వ సంవత్సరమున లండను నగరమందలి గైసు ఆసుపత్రి వైద్యుడగు థామస్ అడిసన్ ఈ గ్రంథులు చెడిపోయిన 11 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించెను. ఆ రోగులు దినదినమునకు కృశించి, లేచి నిలువలేనంత నీరసించి, చర్మము నల్లబడి మరణించిరి. మఱుసటి యేట పారిసు నగరమున బ్రౌన్ సెకార్డ్ అను శాస్త్రజ్ఞుడు జంతువులకు ఈ గ్రంథులను కోసి తీసివేసి చూచెను. అవి బ్రదుకలేదు. చేతిలో పట్టుకొన్న బరువే తెలియని ఈ మాంసపు తునుకలు ప్రాణమునకు ఆధారములని అప్పుడు బోధపడినది.

ఒక్కొక్క గ్రంథిలో రెండు భాగములు కలవు: పైని తొక్క, లోపలి గుజ్జు. గుజ్జునుండి వచ్చునది అడ్రినలిను. దీనిని శుద్ధమైన స్ఫటికములుగా వేఱుచేసి 1901లో ప్రకటించినవాడు అమెరికాలో పనిచేసిన జపానుదేశీయుడు జోకిచి తకమినె. త్రోవలో ఆబోతు వెంబడించినప్పుడు గుండె దడదడ కొట్టుకొనుటయు, అరచేతులు చెమర్చుటయు, ఎప్పుడును దూకలేని గోడను ఒక్క యంగలో దూకుటయు ఈ రసముయొక్క మహిమయే. అది కాలేయమందు దాచియున్న చక్కెరను, క్రొవ్వుపొరలలో దాచియున్న కొవ్వామ్లములను క్షణములలో రక్తములోనికి తోలి కండరములకు అందిచ్చును. హార్వర్డు వైద్య కళాశాలలో ఆచార్యుడగు వాల్టర్ కానన్ ఈ విషయములన్నియు పరిశోధించి 1915లో ఒక గ్రంథముగా వెలువరించెను. ఈ సందర్భమున ఒక మాట చెప్పక విడువలేను. ఆ కళాశాలలోనే, మన భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కే యను నాయనతో కలిసి, కండరము మొదటి కొన్ని క్షణముల పరుగునకు వాడుకొను ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొని 1927లో ప్రకటించిరి. ఈలవిన్న వెంటనే గీత మీదనుండి విద్యార్థి యెగిరి దూకునప్పుడు ఖర్చగునది ఆ పదార్థమే.

అడ్రినలిను వచ్చినంత వేగముగా పోవును. మన విషయమునకు ముఖ్యమైనది తొక్కనుండి వచ్చు రెండవ రసము, కార్టిసాలు. ఇది కొంత నిదానముగా కదలును. మెదడు అడుగుభాగమున నున్న హైపోథాలమస్ అను చోటినుండి పిట్యూటరీ గ్రంథికి కబురు పోవలెను. పిట్యూటరీ రక్తముద్వారా అడ్రినలు గ్రంథికి కబురంపవలెను. అప్పుడు కార్టిసాలు పుట్టును. కష్టము తగిలిన తరువాత పావుగంటకో అరగంటకో రక్తమున నది హెచ్చుగా కనబడును. హెచ్చిన కార్టిసాలు తిరిగి మెదడునకు, పిట్యూటరీకి "ఇక చాలు" అని తెలుపును, కబురు నిలిచిపోవును. ఆరోగ్యవంతుని శరీరమున ఈ ఏర్పాటు తప్పక జరుగును.

కార్టిసాలు కరవుకాలమందలి భాండాగారివంటిది. మెదడును, రక్తమందలి ఎఱ్ఱకణములును చక్కెర లేనిదే నిలువవు. తిండి అందనప్పుడు ఆ చక్కెర యెచ్చటనుండి తేవలెను? కాలేయములో దాచిన చక్కెర ఒక దినమునకైనను చాలదు. క్రొవ్వు కావలసినంత యున్నను, దానిలోని కొవ్వామ్లములను చక్కెరగా మార్చు శక్తి మన శరీరమునకు లేదు. కావున కార్టిసాలు కండరముల మీద చేయివేయును. కండలోని మాంసకృత్తులను విడదీయించి, ఆ ముక్కలను కాలేయమునకు పంపించి, అక్కడ చక్కెరగా చేయించును. పొయ్యిలోనికి కట్టెలు లేనప్పుడు ఇంటి వాసములు పీకి వంట చేసికొనుట వంటిది ఈ పని. ఒక పూటకు ప్రాణము దక్కును. నెలల తరబడి అదే పనియైనచో ఇల్లు కూలును.

అట్లని కార్టిసాలు శత్రువని తలంపరాదు. ఆరోగ్యవంతుని గ్రంథులు దినమునకు సుమారు 10 మొదలు 20 మిల్లీగ్రాముల కార్టిసాలును చేయుచునే యుండును. అర్ధరాత్రి ప్రాంతమున అది మిక్కిలి తక్కువగా నుండి, తెల్లవారుజామున హెచ్చనారంభించి, నిద్ర లేచిన తరువాత అరగంట ముప్పావుగంట కాలమునకు శిఖర మెక్కి, ప్రొద్దువాలినకొలది దిగుచుండును. ఉదయమున మనలను లేవదీసి పనికి పంపునది ఇదియే. ఇది లేనివాని గతి యేమో అడిసన్ రోగులే చూపిరి. కీడంతయు అది హెచ్చుటలో లేదు. హెచ్చి దిగకపోవుటలో ఉన్నది.

దిగకపోయినచో శరీరమేమగునో ఒక వ్యాధి మనకు అద్దమున చూపినట్లు చూపుచున్నది. అమెరికాదేశపు శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ ఒక యువతిని 1910లో పరీక్షించి, ఆమె విషయమును 1912లో ప్రకటించెను. 1932లో అట్టి రోగుల మఱికొందఱి చరిత్రలు చేర్చి, పిట్యూటరీ గ్రంథిలో పుట్టిన చిన్న గడ్డ దీనికి మూలమని వ్రాసెను. ఆ గడ్డ ఎడతెగక కబురంపుచుండుటచే అడ్రినలు గ్రంథులు రాత్రింబవళ్లు కార్టిసాలును క్రుమ్మరించును. ఈ రోగుల ముఖము పున్నమి చంద్రునివలె గుండ్రనగును. మెడవెనుక మూపురమువలె క్రొవ్వు పేరును. పొట్ట పెరిగి, దానిమీద చర్మము సాగి ఊదారంగు చారలు పడును. కాళ్లు చేతులు మాత్రము పుల్లలవలె సన్నబడును. క్రింద కూర్చున్నవారు చేతులూనక లేవలేరు. త్రాసు మీద నిలువబెట్టినచో బరువు హెచ్చినట్లే చూపును. చూచినవారు ఒడలు వచ్చినదనియే యందురు. లోపల జరిగినది వేఱు: తొడలలోని కండ కరిగినది, కడుపులో క్రొవ్వు పెరిగినది.

కండ కరుగుటకు కారణము పైన చెప్పితిని. క్రొవ్వు కడుపులోనే యేల చేరవలెను? కార్టిసాలు ఆకలిని హెచ్చించును. చక్కెరను రక్తమున నిలుపును. దానిని అదుపుచేయుటకు ఇన్సులిను అను మఱియొక రసము హెచ్చుగా ఊరవలసివచ్చును. ఇన్సులిను క్రొవ్వును దాచునది. పొట్టలోపల ప్రేవుల చుట్టునుండు క్రొవ్వునకు కార్టిసాలు ఆజ్ఞను అందుకొను శక్తి చర్మము క్రింది క్రొవ్వునకంటె నెక్కువ. కావున ఆ రెండు రసములును కలిసి హెచ్చుగా నున్నప్పుడు నిలువ అంతయు అక్కడికే చేరును. పరీక్షల భయముచేతనో, ఇంటి చిక్కులచేతనో కలుగు కలవరము ఎవ్వరికిని కుషింగు వ్యాధిని తేదు. ఆ రెంటికి చాల దూరము కలదు. అయినను ప్రవాహము ఏ దిక్కునకు పాఱునో తెలిసికొనుటకు ఆ వ్యాధి చాలును.

ఒత్తిడి యను మాటను వైద్యశాస్త్రమున పాదుకొల్పినవాడు వియన్నాలో జన్మించిన హాన్స్ సెల్యే. కెనడాదేశమున మాంట్రియలు నగరమున ఎలుకలపై పరిశోధించుచు, చలిలో నుంచినను, అతిశ్రమ చేయించినను, విషమెక్కించినను ఒకే విధమైన మార్పులు కలుగుట గుర్తించి 1936లో ఒక చిన్న లేఖగా ప్రకటించెను. అడ్రినలు గ్రంథులు ఉబ్బినవి. రొమ్ములోని థైమస్ గ్రంథి కృశించినది. కడుపులో పుండ్లు పడినవి. కష్టములు పలువిధములైనను శరీరము ఇచ్చు బదులు ఒక్కటియే యని యాతని సిద్ధాంతము. తరువాతివారు దీనిని కొంత సవరించిరి. నేడు కొందఱు "మీ అడ్రినలు గ్రంథులు అలసిపోయినవి" యని చెప్పి పొడులును కషాయములును అమ్ముచున్నారు. అట్టి అలసట యను రోగమున్నట్లు ఈ గ్రంథులయందు ప్రవీణులగు వైద్యులు అంగీకరింపలేదు. అడిసన్ వ్యాధి నిజమే గాని అది వేఱు.

ఇక వ్యాయామము మాట. ఇక్కడ చదువరులకు ఒక సందేహము కలుగును. పరుగెత్తినను దండీలు బస్కీలు తీసినను కార్టిసాలు హెచ్చును గదా, అది కండను కరగించును గదా, మఱి వ్యాయామముచే కండ యెట్లు పెరుగును? సందేహము సమంజసమే. అమెరికాలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమున జరిగి 2008లో ప్రకటింపబడిన పరిశోధనలో కొందఱు యువకులచే అరగంటసేపు మూడు వేఱువేఱు బిగువులలో వ్యాయామము చేయించి కార్టిసాలును కొలిచిరి. తమ శక్తిలో నూటికి 60 పాళ్లును, 80 పాళ్లును వినియోగించి చేసినప్పుడు అది హెచ్చినది. 40 పాళ్లతో నింపాదిగా చేసినప్పుడు హెచ్చకపోగా తగ్గినది. అనగా సాయంకాలపు నడక కలవరమును దించును. బిగువైన సాధన ఎక్కించును. ఎక్కించిన ఆ రసము సాధన ముగిసిన పిమ్మట, అన్నమును విశ్రాంతియు అందినచో, కొంత కాలమునకు దిగిపోవును. అది దిగిన తరువాతనే కండ తన్ను తాను కట్టుకొనుట సాగును. పైగా, క్రమముగా సాధన చేసినవానికి మొదట కొండంతగా తోచిన పనియే కొన్ని వారములకు తేలికయగును. అదే పనికి వాని శరీరము మునుపటియంత కలవరపడదు. కండ పెరుగుట మైదానములో జరుగునని మనమనుకొందుము. నిజమునకు అది పంక్తిలోను పడకమీదను జరుగును.

క్రీడోత్సవము నెలదినములున్నదనగా కొందఱు చేయు సాధనను చూడుడు. రాత్రి పదునొకండు గంటలవఱకు చదువు; తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పరగడుపున పరుగు; ఆలస్యమైనదని చలిదియన్నమైనను తినక బడికి; సాయంకాలము మరల పరుగు. తెల్లవారుజామున కార్టిసాలు తానుగానే హెచ్చి యుండును. రాత్రి భోజనము చేసి చాల సేపైనది. దానిపై బిగువైన పరుగు. దాని తరువాత మధ్యాహ్నమువఱకు కడుపులో ఏమియు లేదు. ఒక్క దినమైన ఏమియు కాదు. నెలదినములు ఇట్లే నడిచినచో కాలు తేలికపడుటకు మాఱుగా బరువెక్కును, జలుబులు పట్టును, మొదటి వారమున పరుగెత్తిన వేగము నాలుగవ వారమున రాదు. సాధన చాలలేదని తలంచి వాడింకను హెచ్చుగా పరుగెత్తును! వానికి కావలసినది మఱియొక చుట్టు పరుగు కాదు. పరుగైన వెంటనే రెండు గ్రుడ్లో, నానిన పెసలో వేరుసెనగలో, పెరుగన్నమో, దానితో రాత్రి నిండునిద్ర. బిగువైన సాధన చేసిన దినమునకు మఱునాడు నడకతో సరిపుచ్చుట పిఱికితనము కాదు.

నిద్రను గూర్చి ఒక పరిశోధన చెప్పవలసియున్నది. షికాగో విశ్వవిద్యాలయమున స్థూలకాయులగు 10 మందికి 14 దినములు మితాహారమిచ్చి, ఒక పర్యాయము రాత్రికి ఎనిమిదిన్నర గంటలును, మఱియొక పర్యాయము ఐదున్నర గంటలును పడకపై నుండనిచ్చిరి. తిండి రెండు పర్యాయములును ఒక్కటే. 2010లో ప్రకటించిన ఫలితమిది: రెండుసార్లును తగ్గిన బరువు ఇంచుమించు ఒక్కటియే, 3 కిలోలు. కాని నిండుగా నిద్రించినప్పుడు తగ్గిన దానిలో క్రొవ్వు 1.4 కిలోలు; నిద్ర తక్కువైనప్పుడు 0.6 కిలో మాత్రమే. క్రొవ్వుకాని భాగము, అనగా కండ మొదలగునవి, నిండునిద్రలో 1.5 కిలోలు పోగా, నిద్ర తక్కువైనప్పుడు 2.4 కిలోలు పోయినది. త్రాసును మాత్రమే నమ్మినవానికి ఈ రెండింటికి భేదమే కనబడి యుండదు. ఈ భేదమంతయు కార్టిసాలు ఒక్కటియే చేసినదని చెప్పుట తగదు. ఆకలిని పుట్టించు రసము మొదలైనవి కూడ అందులో పాలుగొన్నవి. అయితే అదే నగరమున 1997లో ప్రకటింపబడిన వేఱొక పరిశోధనలో, ఒక రాత్రి నిద్రలో కొంతభాగము పోగొట్టుకొన్నవారికి మఱునాటి సాయంకాలము, దిగవలసిన వేళ కార్టిసాలు దిగక నూటికి 37 పాళ్లు హెచ్చుగా నిలిచియుండెను. మీ యీడువారికి, అనగా 13 మొదలు 18 ఏండ్లవారికి, రాత్రికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. పరీక్షలముందు జాగరణ చేసి టీనీళ్లతో కనులు తెఱచుకొను అలవాటు మన వసతిగృహములలో పాతదే. అది తలకు మేలు చేయునని నమ్మువారు కండను గూర్చియైనను ఒకసారి యోచింపవలెను.

మొదట చెప్పిన మాత్రల విషయమునకు వత్తము. కార్టిసాలు హెచ్చినచో పొట్ట వచ్చునని పత్రికలలో చదివి, దానిని అణచు మందులని చెప్పి వ్యాపారము చేసినవారు కలరు. అట్టి మాత్రలమ్మినవారిపై 2004లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషను అను ప్రభుత్వసంస్థ, ఋజువులేని మాటలు ప్రకటించిరని న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. ఇందులో పోవునది డబ్బు. రెండవ రకము మాత్రలవలన పోవునది ప్రాణము కావచ్చును.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్కున ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్లవాతముచే మంచముపట్టిన యొక యువతికి, కెండాల్ అను శాస్త్రజ్ఞుడు అడ్రినలు గ్రంథుల తొక్కనుండి తొలుత వేఱుచేసిన కార్టిసోను అను మందిచ్చెను. కొలది దినములలో ఆమె లేచి నడచెను. హెంచ్, కెండాల్, స్విట్జర్లండునకు చెందిన రైఖ్‌స్టయిన్ అను మువ్వురికిని 1950లో నోబెలు బహుమానము వచ్చెను. ఆ జాతి మందులు నేటికిని ఉబ్బసము మొదలైన రోగములలో ప్రాణములు కాపాడుచున్నవి. వానిలో నొకటియగు డెక్సామెథాసోన్, కరోనా రోగముచే శ్వాసయంత్రములపై నున్నవారిలో మరణములను మూడవవంతు తగ్గించినట్లు 2020లో ఇంగ్లాండున తేలినది. కావున మందును నిందింపరాదు.

కాని ఈ మందే "ఒడలు వచ్చు మాత్ర" యను పేర కొన్నిచోట్ల వైద్యుని చీటి లేకయే అమ్ముడుపోవుచున్నది. సన్నగా నున్నాడని నవ్వబడిన పిల్లవాడో, పెండ్లికి ముందు నిండుగా కనబడవలెనను ఆడపిల్లయో దీనిని కొని మ్రింగును. ఆకలి హెచ్చును. నెలలోపల చెక్కిళ్లు నిండును. అమ్మమ్మ సంతసించును. జరిగినదేమి? 0.75 మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ 20 మిల్లీగ్రాముల కార్టిసాలునకు సమానము. అనగా ఆవగింజంత మందు గ్రంథులు దినమంతయు చేయు రసమునకు తక్కువగాదు. దినమునకు ఒకటి రెండు మాత్రలు మ్రింగువాడు కుషింగు రోగిని తనయందు తానే తయారుచేసికొనుచున్నాడు. ముఖము నిండును, తొడ సన్నబడును, ఎముక గుల్లయగును, ఎదుగు వయస్సువారికి పొడవు ఆగిపోవును, రక్తమున చక్కెర హెచ్చును.

అంతకంటె మోసమైన సంగతి మఱొకటి. రక్తమున ఇంత రసము ఎల్లప్పుడు నిండియుండగా పిట్యూటరీ ఇక కబురంపదు. కబురు రాని అడ్రినలు గ్రంథులు పనిలేక కృశించిపోవును. ఈ స్థితిలో భయపడియో డబ్బులేకయో మాత్రలను ఒక్కసారి మానినచో, లోపల రసము పుట్టదు, వెలుపలినుండి రాదు. వాంతులు, తలతిరుగుట, రక్తపుపోటు పడిపోవుట కలిగి, జ్వరమో దెబ్బయో తోడైనచో ప్రాణాపాయమే. అడిసన్ వర్ణించిన రోగము ఆ విధమున మనుష్యుడు కొనితెచ్చుకొనును. అందుచే ఇట్టి మాత్రలు కొన్ని వారములుగా వాడుచున్నవారు తమంతట తాము ఆపక, సిగ్గుపడక, మాత్రల అట్టను చేతబట్టుకొని పెద్దాసుపత్రి వైద్యునియొద్దకు పోవలెను. ఆయన వారము వారమునకు మోతాదు కొంచెము కొంచెముగా తగ్గించి, గ్రంథులు మేల్కొన్నవో లేదో తెలిసికొనుటకు ఉదయము ఎనిమిది గంటల ప్రాంతమున రక్తము తీయించి కార్టిసాలును కొలిపించును. ఆరోగ్యవంతునికి అది బాగుగా హెచ్చియుండవలసిన వేళ యగుటచే ఆ సమయమే యేర్పఱచినారు. కొందఱి గ్రంథులు కొలది వారములలోనే మేల్కొనును. చాలకాలము వాడినవారికి నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటును.